పానకాల స్వామి లెక్క

మా మంగళగిరి కొండ మీద పానకాల స్వామి ఎవరు ఎంత పానకం తెచ్చినా సగమే పుచ్చుకుంటాడు. చెంబుడు తెచ్చినా అంతే, బిందెడు తెచ్చినా అంతే. పూజారి శంఖంతో స్వామి నోట్లో పోస్తుంటే గుటక వేసిన చప్పుడు వినిపిస్తుంది. సగం అయ్యేసరికి ఆ చప్పుడు ఆగిపోతుంది. మిగతా సగం ప్రసాదంగా మన బిందెలోనే తిరిగొస్తుంది. రోజూ అంత బెల్లం నీళ్లు ఒలుకుతున్నా అక్కడ ఒక్క చీమ కనపడదని కూడా చెప్పుకుంటారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ కొండ నీడనే ఉన్నవాణ్ణి, సగం అనే మాట మీద నాకు కాస్త భక్తి ఎక్కువ. అందుకే కంప్యూటరు కొన్నప్పుడు మా ఆవిడకి చెప్పిన ధరలన్నీ సరిగ్గా సగం. పైసా అటూ ఇటూ లేదు. చీమలు చేరకుండా ఎలా చూసుకోవాలో మాత్రం స్వామి నాకు చెప్పలేదు.

నేను జీఎస్టీ రిటర్నులు వేసే మనిషిని. ఊళ్లో చీరల షాపులవాళ్లు, నూలు వ్యాపారులు, బంగారప్పని చేసేవాళ్లు నెలాఖరుకి బిల్లులన్నీ క్యారీ బ్యాగుల్లో కుక్కి నా బల్ల మీద పడేస్తారు. వాళ్లందరికీ నేను చెప్పే హితబోధ ఒకటే: 'దాచకండి బాబూ, ఎక్కడో ఒకచోట తేలుతుంది.' ఈ ముక్క చెప్పి డబ్బులు కూడా తీసుకుంటాను.

మా ఆవిడ చీరలు అమ్ముతుంది. గుంట మగ్గాల మీద నేసిన మంగళగిరి చీరలు, నిజాం అంచువి, జరీ అంచువి, మగ్గం దగ్గరే బేరమాడి తెచ్చి, ఫోటోలు తీసి, వాట్సాప్‌లో పెట్టి, హైదరాబాదుకీ బెంగళూరుకీ చెన్నైకీ కొరియర్ చేస్తుంది. రాష్ట్రం దాటి సరుకు వెళ్తోంది కాబట్టి జీఎస్టీ నంబరు తీయించాం. ఆ రిటర్నులు కూడా నేనే వేస్తాను, ఉచితంగా. ఇంట్లో నా ఆదాయం కంటే ఆవిడ ఆదాయం కాస్త ఎక్కువన్న సంగతి ఊళ్లో నాకొక్కడికే తెలుసు. వృత్తి రహస్యం.

2024 వేసవిలో ఆవిడ పాత ల్యాప్‌టాప్ ముసలిదైపోయింది. ఒక ఫోటో తెరుచుకునే లోపు స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. 'ఏమండీ, మంచి కంప్యూటరు ఒకటి చూడండి. 40 వేలు దాటొద్దు' అంది. దాటదన్నాను. అప్పటికే నా మనసు ఆ గీత దాటేసి అవతల కుర్చీ వేసుకుని కూర్చుంది.

దీనికి వెనక ఒక పాత బాకీ ఉంది. 1997లో గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటరు కోర్సులో చేరాను. మా నాన్న కట్టిన ఫీజు డాసూ, ట్యాలీ నేర్చుకోవడానికి. నేను నేర్చుకున్నది రోడ్ రాష్‌లో పక్క బండివాణ్ణి గొలుసుతో కొట్టడం. ఆ రోజుల్లో నాకొక సొంత కంప్యూటరు ఉంటేనా అని అనుకున్నవాడు ఇప్పటికీ నాలోనే ఉన్నాడు, పొట్టా చత్వారమూ వచ్చాయి కానీ ఆ కోరికకి మాత్రం వయసు రాలేదు. చీరల ఫోటోలకి మామూలు కంప్యూటరు చాలు. గేమింగ్ కంప్యూటరులో కూడా చీరల ఫోటోలు తెరుచుకుంటాయి. ఈ రెండో వాక్యం మీదే నా కేసు మొత్తం నిలబెట్టాను.

విడిభాగాలు కొని బిగించుకుంటే డబ్బు కలిసొస్తుందంటారు. నిజమే. ఎవరికి కలిసొస్తుందన్నదే సందేహం. మొదట రాసుకున్న చీటీ ఎంతో మర్యాదస్తుడి చీటీ: ఇంటెల్ ఐ3 12100ఎఫ్, నాలుగు కోర్లు. జీటీఎక్స్ 1650 గ్రాఫిక్ కార్డు, 2019 నాటిది, 4 జీబీ. 8 జీబీ ర్యామ్ ఒక్క ముక్క. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే ఎస్ఎమ్‌పీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు పంచే డబ్బా. మామూలు మానిటరు. అన్నీ కలిపి 40 వేల లోపే. ఆ చీటీ అలాగే జేబులో పెట్టుకుని వెళ్లి కొనుక్కుని వచ్చిన మనిషి ఎవరైనా ఉంటే ఆయన పాదాలు చూపించండి.

'ఇంకో రెండు వేలు వేస్తే' అన్నదొక జబ్బు. ఐ3కి ఇంకాస్త వేస్తే రైజెన్ 5 5600 వస్తుంది, ఆరు కోర్లు, 12 థ్రెడ్లు. సరే, అది రాసుకున్నాను. అలాంటి ప్రాసెసర్ పక్కన 4 జీబీ కార్డు పెడితే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని ఆవులిస్తుందని చదివాను. మరి దానికి తోడు ఆర్ఎక్స్ 6600, 8 జీబీ. ఆ పాత 1650కి 75 వాట్లు చాలు, బోర్డు స్లాటులోంచే తాగేసి ఊరుకుంటుంది. ఈ 6600కి 132 వాట్లు, పైగా ఎస్ఎమ్‌పీఎస్ నుంచి విడిగా 8 పిన్నుల వైరు కావాలి. ఊరికే వచ్చిన ఎస్ఎమ్‌పీఎస్ మీద 450 వాట్లని స్టిక్కరు ఉంటుంది, లోపల ఎంత ఉంటుందో ఆ స్టిక్కరు అంటించినవాడికే తెలియాలి. అది పేలితే తను ఒక్కతే పోదు, పక్కనున్నవాళ్లని కూడా తీసుకుపోతుంది. కాబట్టి బ్రాంజ్ ముద్ర ఉన్నది. గోడలోంచి లాగిన కరెంటులో నూటికి 80కి పైగా వేడై పోకుండా లోపలికి చేరుతుందని ఆ ముద్రకి అర్థం. లోపల ఇంత సరంజామా పెట్టాక, మే నెలలో మా ఊళ్లో ఉండే ఎండకి, ముందు భాగం మూసేసిన క్యాబినెట్ కొంటే అది పొయ్యి. జాలీ ఉన్న క్యాబినెట్. ఇంత చేసి సెకనుకి 60 బొమ్మలు చూపించే మానిటరా? ఆ కార్డు మొహం చూడగలనా? 144 హెర్ట్జ్.

గమనించండి, ఏ మెట్టు దగ్గరా నేను దుబారా చేయలేదు. ఒక్కోటీ విడిగా తీసి ఏ ఆడిటరు ముందు పెట్టినా సబబే అంటాడు. పైగా పొదుపు కూడా చేశాను. బి550 బోర్డు మీద మనసు పోయినా బి450 దగ్గరే ఆగాను. బి450 పాత సరుకైతే 5600ని గుర్తుపట్టదు, బయోస్ మార్చాల్సి వస్తుంది కాబట్టి డబ్బా మీద రైజెన్ 5000 రెడీ అని రాసి ఉందో లేదో చూడమని నలుగురికి సలహా కూడా ఇచ్చాను. ఎస్ఎస్‌డీ 1 టీబీ తీసుకోకుండా 500 జీబీతో సరిపెట్టుకున్నాను.

ఈ పరిశోధన జరుగుతున్న రోజుల్లో మా అత్తగారు వచ్చి ఉన్నారు. ఎన్విడియా కొనాలా ఏఎండీ కొనాలా అని నేను రాత్రిళ్లు గొణుక్కుంటుంటే, ఆ ఇద్దరూ ఎవరు అల్లుడు గారూ అని అడిగారు. రెండు పెద్ద కంపెనీలండీ, రెంటినీ నడిపేవాళ్లు అమెరికాలో స్థిరపడ్డ తైవాన్ వాళ్లు, పైగా దగ్గర చుట్టాలు అన్నాను. అది అబద్ధం కాదు. ఎన్విడియా జెన్‌సెన్ హువాంగ్ తల్లి, ఏఎండీ లీసా సూ తాతగారికి, అంటే ఆవిడ తల్లి తండ్రికి, చెల్లెలు. మా అత్తగారు వేళ్లు మడిచి లెక్క తేల్చారు. 'అంటే ఆ పిల్ల తల్లికి మేనత్త కొడుకు. బావ వరస. పిల్లకి బాబాయి అవుతాడు. బాబాయీ కూతురూ కలిసి ఊళ్లో జనం దగ్గర ఇంత ధర గుంజుతున్నారా?' గ్రాఫిక్ కార్డుల మార్కెట్టు మీద నేను చదివిన విశ్లేషణలన్నిటిలో ఇది క్లుప్తమైనది.

ఒకప్పుడు అసెంబుల్డ్ కంప్యూటరంటే సికింద్రాబాదులో సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకి వెళ్లాల్సిందే అనేవాళ్లు. ఇప్పుడు వారధి దాటితే చాలు, విజయవాడలో అన్నీ దొరుకుతాయి. జూలై 31తో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల సీజను ముగిసింది. చేతిలో నాలుగు డబ్బులాడుతున్నాయి. శ్రావణ మాసం మొదలైంది, వరలక్ష్మీ వ్రతం ఆర్డర్లతో మా ఆవిడకి తల ఎత్తే తీరిక లేదు. ఇంతకంటే మంచి ముహూర్తం ఏ పంచాంగంలోనూ ఉండదు.

కౌంటరు దగ్గర కుర్రాడు నా చీటీ చూసి, నా వైపు చూసి, 'బాబుకా సార్?' అన్నాడు.

'ఆఁ' అన్నాను.

'ఏ గేమ్స్ ఆడతాడు సార్?'

'అన్నీ ఆడతాడు. కాస్త నిదానం.'

ప్రాసెసర్ 11,500. బోర్డు 7,000. ర్యామ్ 8 జీబీవి రెండు, 3,500. ఎస్ఎస్‌డీ 3,000. గ్రాఫిక్ కార్డు 21,000. ఎస్ఎమ్‌పీఎస్ 4,000. క్యాబినెట్ 3,500. మానిటరు 11,000. మొత్తం 64,500. ఆవిడ ఇచ్చిన 40 వేల మీద నా జేబులోంచి 24,500.

బిల్లు కొడుతూ కుర్రాడు మామూలుగానే అడిగాడు, 'జీఎస్టీ నంబరు ఏమన్నా ఉందా సార్?' అని. ఇరవయ్యేళ్ల వృత్తి ధర్మం నా నోట్లోంచి దానంతటదే మాట్లాడింది. 37తో మొదలుపెట్టి 15 అక్షరాలూ తడుముకోకుండా ఒప్పజెప్పాను. అది మా ఆవిడ చీరల వ్యాపారం నంబరు. 64,500లో 9,800 పైచిలుకు పన్నే. ఆవిడ కట్టాల్సిన పన్నులో తగ్గే అంత క్రెడిట్ ఊరికే పోతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. దొంగతనానికి వెళ్లినవాడు ఇంటివాళ్ల విజిటర్స్ పుస్తకంలో సంతకం పెట్టి వచ్చినట్టని అప్పుడు తట్టలేదు.

బిగించే పని మధ్యాహ్నం పూట, ఆవిడ నేతగాళ్ల ఇళ్లకి వెళ్లినప్పుడు, ముందు గది గచ్చు మీద. మా అమ్మాయి బీటెక్ రెండో ఏడు, సహాయకురాలు. ప్రాసెసర్ మూల చిన్న బంగారు త్రికోణం ఉంటుంది, సాకెట్ మూల కూడా ఒక గుర్తు ఉంటుంది. ఆ రెండూ కలిపి, వేలితో నొక్కకుండా, ఊరికే వదిలితే అదే కూర్చుంటుంది. తర్వాత ఒక లీవరు దించాలి. 11,500 రూపాయల వస్తువు మీద లీవరు దించుతున్నప్పుడు చెయ్యి వణుకుతుంది, ఎవరికైనా వణుకుతుంది. థర్మల్ పేస్టు బఠాణీ గింజంత చాలు. ఇక పవర్ స్విచ్చి, రీసెట్ స్విచ్చి వైర్లుంటాయి, ఒక్కొక్కటీ రెండేసి పిన్నులు. పక్కన రాసిన అక్షరాలు చీమ తలకాయంత. కళ్లజోడు పెట్టుకుని, టార్చి వేసి, చివరికి మా అమ్మాయికి ఇచ్చేశాను.

స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి, రంగు రంగుల లైట్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగా ఉంది. ర్యామ్ తీసి పెట్టాను. కార్డు తీసి పెట్టాను. బోర్డు కంపెనీనీ, షాపు కుర్రాణ్ణీ, నన్ను కన్నవాళ్లనీ తల్చుకున్నాను. మా అమ్మాయి ఫోన్ చూసుకుంటూనే, 'నాన్నా, హెచ్‌డీఎంఐ వైరు బోర్డుకి పెట్టావు. కార్డుకి పెట్టు' అంది. 5600లో గ్రాఫిక్స్ లేవు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటుంది కానీ అందులోంచి ఏమీ రాదు. ఈ సంగతి నాకు తెలుసు. ఆ నలుగురికి సలహా ఇచ్చినప్పుడు ఇది కూడా చెప్పాను.

ఆ పిల్లకి ధర కూడా తెలిసిపోయింది, డబ్బాలన్నీ తనే విప్పింది కదా. 'అమ్మకి చెప్పను' అంది. ఆగి, 'నా హెడ్‌సెట్ పాడైంది' అంది. ఏ కాలేజీలోనో తెలియదు గానీ చదువు బాగానే అబ్బుతోంది.

సాయంత్రం మా ఆవిడ వచ్చి కంప్యూటరు చుట్టూ ప్రదక్షిణం చేసింది. 'ఇంత పెద్దదా? పక్కన అద్దం ఎందుకు?' గాలి ఆడటానికన్నాను. అద్దంలోంచి గాలి ఎలా ఆడుతుందని అడగలేదు, ఆర్డర్ల హడావిడిలో ఉంది. 'ఎంత పడింది?'

అన్నీ సగం చెప్పాను. కార్డు 10,500, మానిటరు 5,500, అలా వరసగా. మొత్తం 32,250. ఎందుకు సరిగ్గా సగం అంటే, గుర్తుంచుకోవడానికి తేలిక. ఎప్పుడు ఏది అడిగినా మనసులో రెండుతో భాగిస్తే చాలు, మాట తప్పే ప్రమాదం లేదు. అబద్ధానికి కూడా ఒక పద్ధతి ఉండాలి కదా.

ఆవిడ మొహం విప్పారింది. '40 లోపే తెచ్చారే!' అని, చెయ్యి చాపింది. నాకు మొదట అర్థం కాలేదు. మిగిలిన 7,750 ఎక్కడ? నిజానికి మిగలని డబ్బుని మిగిలినట్టు తిరిగివ్వాలంటే ఇంకొక జేబు ఉండాలి. మర్నాడు ఏటీఎంకి వెళ్లి తెచ్చిచ్చాను. అంటే ఆవిడ వాటా 32,250, నా వాటా 32,250. పానకం సరిగ్గా పంచుకున్నట్టయింది, హెడ్‌సెట్ విడిగా.

ఇక ఆట సంగతి. వాలరెంట్ అని ఒకటి ఉంది, ఊరికే దొరుకుతుంది, దానికి అసలు ఇంత కార్డు అక్కర్లేదు. మొదటి రాత్రి తలుపు వేసుకుని కూర్చున్నాను. సెకనుకి 144 బొమ్మలు చూపించే తెర. అందులో మొదటి 50 నా కళ్లజోడు సర్దుకోవడానికే సరిపోతాయి, మిగతావాటిలో నేను చచ్చిపోయి ఉంటాను. ఎవరు కాల్చారో, ఎటు నుంచి కాల్చారో తెలియదు. మన జట్టులోనే ఒక కుర్రాడు, గొంతు కూడా ఇంకా మారలేదు, హిందీలో నన్ను ఏదో అన్నాడు. నాకు హిందీ అంతంత మాత్రం, కానీ ఆ స్వరం పదో తరగతిలో మా లెక్కల మాస్టారి దగ్గర విన్నదే. కొన్నాళ్లకి మా అమ్మాయి వెనక నుంచి చూసి, 'నాన్నా, నీ మానిటరు సెట్టింగుల్లో 60 హెర్ట్జ్ దగ్గరే ఉంది. 144కి మార్చలేదా?' అంది. మార్చింది. మార్చాక ఇంకా స్పష్టంగా, ఇంకా నునుపుగా చచ్చిపోతున్నాను.

చిక్కు దసరాకి వచ్చింది, తెనాలి నుంచి. మా బావమరిదికి అక్కడ ఎరువుల షాపు ఉంది. వాళ్లబ్బాయి ఇంటర్ మొదటి ఏడు. పండక్కి వచ్చి మా కంప్యూటరు చూసి వెళ్లారు. మూడో రోజున ఫోను. 'బావగారూ, అక్క చెప్పింది. ఈ ధరకి మాకెవరిస్తారు? మీకైతే అనుభవం. అచ్చు అలాంటిదే మా వాడికి కూడా ఒకటి బిగించి పెట్టండి.' నేను నోరు తెరిచే లోపు ఫోన్‌పే మోగింది. 32,250 జమ.

ఆ 250 దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. మా బావమరిది జీవితంలో ఎవరికీ చిల్లరతో సహా డబ్బు పంపిన మనిషి కాదు. రిటర్నుల్లో అయితే ఇలాంటి అంకె చూడగానే ఎర్ర గీత గీస్తాను.

దారులు మూడున్నాయి. నిజం చెప్పేయడం. ఇంకో 32,250 నా చేతివి వేసి అచ్చు అలాంటిదే ఇవ్వడం. లేదా నిజంగానే 32,250లో కంప్యూటరు తయారుచేయడం. మొదటిది ఆలోచించడానికే భయం, రెండోదానికి డబ్బు లేదు. కాబట్టి అసలైన బడ్జెట్ కంప్యూటరు ఎలా ఎంచుకోవాలో నేను నేర్చుకున్నది అప్పుడే. అంతకు ముందు చేసింది ఎంపిక కాదు, కోరికలకి కొటేషన్ రాసుకోవడం.

ముందు పాత కార్డుల మీద పడ్డాను. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం వాళ్లు మైనింగ్ పద్ధతి ఎత్తేశాక, అప్పటిదాకా రాత్రింబవళ్లు నాణేలు తవ్విన కార్డులన్నీ సెకండ్ హ్యాండ్ బజారులోకి వచ్చి పడ్డాయి. 2017 నాటి ఆర్ఎక్స్ 580, 8 జీబీది, చవగ్గా దొరుకుతుంది. ఆటలు కూడా బాగానే ఆడుతుంది. అయితే ఎన్నేళ్లు గొడ్డు చాకిరీ చేసి వచ్చిందో దాని మొహం చూసి చెప్పలేం, వారంటీ ఉండదు, 185 వాట్లు లాగుతుంది కాబట్టి ఎస్ఎమ్‌పీఎస్ మళ్లీ పెద్దది కావాలి. పైగా చుట్టాలకి ఇచ్చిన వస్తువు పాడైతే అది వస్తువుతో పోదు. ప్రతి పెళ్లిలోనూ, ప్రతి కర్మంతరంలోనూ ఆ కార్డు సంగతి వస్తుంది.

చివరికి కార్డే లేకుండా వెళ్లాను. రైజెన్ 5 5600జీ. పేరు చివర ఆ జీ ఉంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంటాయి. విడి కార్డుకి ఉన్నట్టు దానికి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. అందుకని ర్యామ్ ఎంత ఉందన్నదానితో పాటు ఎలా ఉందన్నదీ లెక్కే. 16 జీబీ ఒకే ముక్క పెడితే మెమరీకి ఒకటే దారి. 8 జీబీవి రెండు పెడితే రెండు దారులు. ఒకటే పెట్టి, ఆట సగం వేగంతో నడుస్తోందని ప్రాసెసర్‌ని తిట్టేవాళ్లు చాలామంది. ఆ రెండు ముక్కలు కూడా పక్కపక్కన కాదు, ఒకటి విడిచి ఒకటి, ప్రాసెసర్ నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో. రెండే స్లాటులున్న బోర్డయితే ఆ గొడవే లేదు.

ప్రాసెసర్ 11,500. రెండు స్లాటుల ఏ520 బోర్డు 5,000. ర్యామ్ 3,500. ఎస్ఎస్‌డీ 3,000. కార్డు లేదు కాబట్టి చిన్న ఎస్ఎమ్‌పీఎస్ చాలు, కానీ పేరున్నది, 2,800. లైట్లు లేని క్యాబినెట్ 2,000. ఏదో ఆఫీసు ఖాళీ చేస్తే వచ్చిన పాత మానిటరు 4,200. మొత్తం 32,000. మిగిలిన 250కి ఒక మౌసు. కీబోర్డు ఎరువుల షాపులోదే. ఇందులో ఏ ఒక్కదాని దగ్గరా 'ఇంకో రెండు వేలు వేస్తే' అనడానికి నాకు నోరు లేదు. ఆ మాట నోట్లోంచి తీసేస్తే విడిభాగాలు ఎంచుకోవడం ఒక్క పూట పని అని తెలిసి చాలా చిన్నతనంగా అనిపించింది.

పెదవడ్లపూడి, రేవేంద్రపాడు, దుగ్గిరాల మీదుగా డబ్బాలు ఒళ్లో పెట్టుకుని తెనాలి వెళ్లాను. వాళ్లబ్బాయి క్యాబినెట్‌లోకి తొంగిచూసి, 'మామయ్యా, గ్రాఫిక్ కార్డు ఏది?' అన్నాడు.

'ప్రాసెసర్‌లోనే ఉంది నాన్నా. కొత్త పద్ధతి.'

వాడు నా వైపు చూసిన చూపు బాగాలేదు. కానీ వాలరెంట్ తక్కువ సెట్టింగుల్లో ఆగకుండా నడిచింది, జీటీఏ 5 కూడా నడిచింది. సైబర్‌పంక్ లాంటి భారీ ఆటలు దాని వల్ల కావు, వాడు అడగలేదు, నేను చెప్పలేదు. పది నిమిషాల్లో వాడు నలుగురిని కాల్చాడు. 60 హెర్ట్జ్ పాత మానిటరు మీద, ఎరువుల షాపు కీబోర్డుతో. స్పేస్ బారులో యూరియా గుళికలు ఇరుక్కుని ఉన్నాయి.

గండం గడిచిందనుకుని ఇంటికొచ్చాను. భోజనమయ్యాక మా ఆవిడ ఒక ప్రింటు తెచ్చి నా ముందు పెట్టింది. జీఎస్టీఆర్-2బి. మనకి సరుకు అమ్మినవాళ్లు ఎవరెవరు ఎంతకి బిల్లు ఎక్కించారో ప్రభుత్వమే తయారుచేసి ప్రతి నెలా 14వ తేదీన పోర్టల్‌లో పెట్టే పట్టిక. నూలు వాళ్లు, చీరల వాళ్లు మోసం చేయకుండా 14వ తేదీ తప్పకుండా చూసుకోమని ఆవిడకి పాస్‌వర్డు ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి నేర్పింది నేనే.

'ఏమండీ, ఈ 54,661 ఎవరి బిల్లు? సీజీఎస్టీ 4,919, ఎస్‌జీఎస్టీ 4,919. మొత్తం 64,500. మనం విజయవాడలో చీరలు కొనలేదే?'

తేదీ చూశాను. ప్రింటు సెప్టెంబరుది.

'సెప్టెంబరులోనే చూశావా? మరి అప్పుడే అడగలేదేం?'

'అడిగితే ఆ రోజుతో అయిపోయేది.'

'మరి మీ తమ్ముడికి...'

'పండక్కొచ్చి వాడే అడిగాడు ఎంత పడిందని. ఏం చెప్పమంటారు? మా ఆయన నాతో అబద్ధం చెప్పారని చెప్పనా?'

జవాబు లేదు. ఇంకా అయిపోలేదు. సొంత వాడకానికి కొన్నదాని మీద క్రెడిట్ తీసుకోకూడదనీ, తీసుకుంటే వడ్డీతో సహా తిప్పి కట్టాలనీ ఒక నూలు వ్యాపారితో నేను ఫోన్‌లో గంటసేపు వాదించడం ఆవిడ వంటింట్లోంచి విన్నదట. 'మరి ఈ 9,838 తిప్పి కడతారా? లేకపోతే ఇది వ్యాపారానికే కొన్నట్టా?' వ్యాపారానికే కొన్నట్టు అన్నాను. నా నోటితో నేనే అన్నాను. అయితే వ్యాపారంలోనే ఉండాలి కదా అంది.

అప్పటి నుంచి ఆ కంప్యూటరు పొద్దున్నుంచి రాత్రి దాకా చీరల్లో ఉంది. ఆర్ఎక్స్ 6600 నెమలికంఠం రంగుని నెమలికంఠంగానే చూపిస్తుందని, ఇంతకు ముందు బెంగళూరు వాళ్లు రంగు వేరేగా ఉందని వెనక్కి పంపేవాళ్లని, ఇప్పుడు అవి తగ్గాయని ఆవిడ అంటుంది. అది కార్డు గొప్ప కాదు, మానిటరు గొప్ప అని చెబుదామనుకుని మానేశాను. మానిటరు ధర మళ్లీ చర్చకి వస్తుంది. నాకు రాత్రి పది దాటాక కాసేపు అనుమతి. అప్పుడు కూడా వాట్సాప్ మూసేయకూడదు, అమెరికా వాళ్ల ఆర్డర్లు ఆ టైములోనే వస్తాయి. నేను గోడ చాటున తుపాకీ పట్టుకుని నక్కి ఉంటే తెర మూల నుంచి ఎవరో డాలస్ నుంచి 'ఈ అంచు పింక్‌లో ఉందా అండీ?' అంటారు. ఉందో లేదో చూసి చెప్పేసరికి నా పని అయిపోయి ఉంటుంది.

2025 అక్టోబరులో విశాఖపట్నంలో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటరు పెడుతుందని ప్రకటించినప్పుడు రాష్ట్రమంతా సంబరపడింది. నేను కూడా పడ్డాను. ఆ తర్వాతే ర్యామ్ ధరలు చూశాను. ప్రపంచమంతా కృత్రిమ మేధ డేటా సెంటర్లు కట్టుకుంటూ మెమరీ చిప్పులు ఊడ్చుకుపోతుంటే మామూలు వాళ్లకి మిగిలేది తక్కువ. మైక్రాన్ అయితే ఇళ్లలో వాడుకునే క్రూషియల్ ర్యామ్ వ్యాపారమే మానేస్తున్నట్టు డిసెంబరులో చెప్పేసింది. నేను 3,500కి కొన్న రెండు ముక్కలు రెట్టింపు దాటి పోయాయి. లాభం మీద ఉన్న వస్తువు మా ఇంట్లో అదొక్కటే. మా ఆవిడకి చెప్పిన ధర ప్రకారం అయితే ఇంకా ఎక్కువ లాభం.

సంక్రాంతికి వారం ముందు పొన్నూరు నుంచి ఫోను వచ్చింది, మా ఆవిడ పెద్దమ్మగారి అబ్బాయి. తెనాలిలో మా మేనల్లుడి కంప్యూటరు చూశాట్ట. ఆవిడ ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని, చేత్తో మూసి, నా వైపు తిరిగింది.

'అన్నయ్య వాళ్లకి కూడా ఒకటి కావాలట.'

'ఎంతని చెప్పావు?'

'మీరు చెప్పిందే. జీఎస్టీ కలిపేనా అని అడుగుతున్నాడు.'